మాట ఎవరి చెవిని పడాలి?

రేడియో ఒక్కటే వున్న ఇంట్లో ఈ చిక్కు వుండేది కాదు. పెట్టె ఒకటి, దానికి నోరు ఒకటి. మీట తిప్పితే మాట్లాడేది, కట్టేస్తే ఊరుకునేది. వినదలచుకున్నవాళ్లు దగ్గరకొచ్చి కూర్చునేవారు, అక్కర్లేనివాళ్లు పెరట్లోకి పోయేవారు. ఇప్పుడు ఇంట్లో కంప్యూటరుకు నోళ్లు నాలుగైదు. తనలో ఇమిడివున్న స్పీకరు ఒకటి, గోడనున్న టి.వి. ఒకటి, బల్లమీది హెడ్‌ఫోను ఒకటి, తీగ లేకుండా చెవుల్లో పెట్టుకునే గుండీలవంటివి మరొకటి. ఇన్ని నోళ్లున్నా మామూలుగా అది ఒక సమయంలో ఒక్క నోటితోనే పలుకుతుంది. ఏ నోటితో పలకాలో నిర్ణయించేది ఎవరు? ఈ వారం సంగతి అది.

ఈ సంగతి ఎత్తుకోడానికి కారణం ఒక సోదరి రాసిన ఉత్తరం. పేరూ ఊరూ వేయవద్దన్నారు, వేయను. వారింట్లో కంప్యూటరు హాల్లో వుంది. రాత్రిపూట భర్త దాన్ని టి.వి.కి తగిలించి సినిమాలు వేస్తారు. పదో తరగతి చదివే పిల్లవాడు దాంట్లోనే పాఠాలు వింటాడు. మామగారికి డెబ్భయి ఎనిమిదేళ్లు, చెవి సరిగా వినపడదు. ఆయన హెడ్‌ఫోను పెట్టుకుని ప్రవచనాలు వింటారు, ఆదివారంనాడు డల్లాసులో వున్న కూతురితో మాట్లాడతారు. అంతవరకూ బాగానే వుంది. ఒకనాటి ఉదయం ఆయన డాక్టరుగారితో వీడియోలో మాట్లాడవలసివచ్చింది. పది నిమిషాల ముందు అదే హెడ్‌ఫోనులో ప్రవచనం విన్నారట. తీరా డాక్టరుగారు మాట్లాడేసరికి ఆ గొంతు హాల్లో టి.వి.లోంచి ఖంగుమంది! సరిగ్గా అప్పుడే మరిదికి సంబంధం మాట్లాడడానికి వచ్చిన నలుగురు అక్కడ కూర్చుని కాఫీ తాగుతున్నారు. రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, బట్టలు పాడవుతున్నాయా వగైరా ప్రశ్నలన్నీ వాళ్లు విన్నారు. వినపడనిది పెద్దాయన ఒక్కరికే. అంచేత ఆయన, "వినపట్టంలేదు డాక్టరుగారూ, కాస్త గట్టిగా చెప్పండి" అని మళ్లీ మళ్లీ అడిగారట.

"అప్పటినుంచీ మామగారు కంప్యూటరు ముందు కూర్చోడం మానేశారండీ" అని రాశారావిడ. "ఆదివారం ఆడపడుచు పిలిస్తే తనకేదో పనుందని చెప్పమంటున్నారు. ఆయనకేం పని? మనవడు కూర్చోబెట్టి ఏ మీట ఎక్కడుందో నాలుగుసార్లు చూపించాడు. జ్ఞాపకం వుండదురా అంటారు. స్క్రిప్టు అని ఏదో రాసి పెడితే ఒక్క నొక్కుతో శబ్దం మార్చుకోవచ్చునని మావాడంటున్నాడు. అది ప్రమాదమా? మావంటివాళ్లకు చేతనవుతుందా?"

చేతనవుతుంది. ప్రమాదం సంగతి తరువాత చెబుతాను. ముందు ఆ డాక్టరుగారి గొంతు దారి ఎందుకు తప్పిందో తెలుసుకుంటే, రాయబోయే నాలుగు ముక్కలకూ అర్థం తెలుస్తుంది. అర్థం తెలియకుండా కాపీ చేసుకున్న స్క్రిప్టు, అర్థం తెలియకుండా చదివిన మంత్రం వంటిది. పలికినంతకాలం పలుకుతుంది, తప్పినరోజున ఎక్కడ తప్పిందో తెలియదు.

పూర్వం హెడ్‌ఫోను గుచ్చితే స్పీకరు తనంతతానే మూగబోయేది. దానికి బుద్ధి ఏమీ అక్కర్లేదు. ఆ రంధ్రంలో ఒక చిన్న ఇత్తడి రేకు వుండేది. పుల్ల లోపలికి పోగానే రేకు పక్కకు తొలగి స్పీకరుకు పోయే దారి తెగేది. ఈ పుల్ల, రంధ్రం అనే ఏర్పాటు పంతొమ్మిదో శతాబ్దంలో టెలిఫోను ఎక్స్ఛేంజిల కోసం పుట్టింది. అక్కడ అమ్మాయిలు వరసగా కూర్చుని, ఎవరి మాట ఎవరికి పోవాలో పుల్లలు గుచ్చి కలుపుతూ వుండేవారు. అంటే మాట ఎవరి చెవిని పడాలో ఒక మనిషి కళ్లారా చూసి, చేతితో నిర్ణయించేది. ఆ పుల్లే కాస్త సన్నబడి మన రేడియోలకూ, టేపురికార్డర్లకూ వచ్చింది.

యు.ఎస్.బి. హెడ్‌ఫోనులో ఆ రేకు లేదు. అది గుచ్చగానే కంప్యూటరు దాన్ని విడిగా ఒక కొత్త శబ్దయంత్రంగా పట్టికలో రాసుకుంటుంది. టి.వి.కి పోయే హెచ్.డి.ఎమ్.ఐ. తీగ కూడా అంతే. బొమ్మతోపాటు శబ్దాన్నీ మోస్తుంది గనక టి.వి. పేరు కూడా ఆ పట్టికలో చేరుతుంది. ఇంకో విచిత్రం, స్పీకరే లేని మానిటర్లు కొన్ని "నేనూ పలుకుతాను" అని కంప్యూటరుకు చెప్పుకుంటాయి. దాని మాట నమ్మి కంప్యూటరు శబ్దాన్నంతా అటు పంపిస్తుంది. మనకు ఏమీ వినపడదు. కంప్యూటరు పాడయిందని బజారుకు మోసుకుపోతాం. అక్కడివాడు తన తీగ తగిలిస్తే నిక్షేపంగా పలుకుతుంది!

ఈ పట్టికలో ఎవరికి మొదటి తాంబూలం ఇవ్వాలో కంప్యూటరు ఒక గుర్తు పెట్టుకుంటుంది. దానికే డిఫాల్ట్ అని పేరు. ఈ మాట మన మధ్యతరగతి ఇళ్లలో మంచి మాట కాదు. బ్యాంకు బాకీ తీర్చనివాడు డిఫాల్టరు. వాయిదాకు వెళ్లకపోతే వకీలుగారు పెదవి విరిచి, కేసు డిఫాల్టు కింద కొట్టేశారండీ అంటారు. కంప్యూటరులోనూ దాని మూలార్థం అదే. చెప్పవలసినవాడు చెప్పకపోతే యంత్రం తనంతట తాను చేసేది. మీరు చెప్పలేదు గనక నేను చేశాను అంటుంది. కొత్తగా ఏదైనా తగిలించినప్పుడు చాలాసార్లు ఈ గుర్తు దానికి పోతుంది. టి.వి. కట్టేస్తే దాని పేరు పట్టికలోంచి మాయమయి గుర్తు ఇంకొకరికి దక్కుతుంది. మళ్లీ టి.వి. వేయగానే అది తిరిగివచ్చి తన పీట తాను లాక్కోనూవచ్చు. పక్కగదిలో మనవడు టి.వి. మీట నొక్కితే ఇక్కడ తాతగారి చెవిలో మాట ఆగిపోయిందంటే ఆశ్చర్యం లేదు.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. తెలియనిది, ఆ పెద్దాయన పరువు తీసినది, మరొకటి వుంది. విండోసు అనే కంప్యూటరు వ్యవస్థలో డిఫాల్ట్ ఒకటి కాదు, లోపల మూడు. యంత్రం తాను చేసే టింగుటింగులకూ, ఆటలకూ ఒకటి, పాటలూ సినిమాలకు ఒకటి, మనుషుల మాటలకు ఒకటి. శబ్దాల పట్టిక తెరిచి చూస్తే మొదటి రెండూ కలిసి ఒకే ఆకుపచ్చ టిక్కుగా కనిపిస్తాయి. మూడోదానికి ఆకుపచ్చ టెలిఫోను బొమ్మ వుంటుంది. దాన్ని డిఫాల్ట్ కమ్యూనికేషన్ డివైసు అంటారు. టిక్కు హెడ్‌ఫోను పక్కన, టెలిఫోను బొమ్మ టి.వి. పక్కన వుండడానికి ఏమీ అభ్యంతరం లేదు. అప్పుడు ప్రవచనం చెవిలోకీ, డాక్టరుగారు హాల్లోకీ పోతారు!

ఈ ఏర్పాటు చేసినవాళ్ల ఉద్దేశం చెడ్డదికాదు. పాట గదంతా వినపడనీ, టెలిఫోను మాట మాత్రం చెవిలోనే పడనీ అని ఆలోచించారు. కార్యాలయంలో అది సుఖంగానే వుంటుంది. నలుగురు ఒకే యంత్రం వాడే ఇంట్లో, ఒకరు సర్దినది ఇంకొకరికి తెలియక, రెండు గుర్తులూ రెండు చోట్ల తిరుగుతూ వుంటాయి.

ఉత్తరంలోని వివరాలను బట్టి చూస్తే నాకు రెండు అనుమానాలున్నాయి. ఒకటి ఇప్పుడు చెప్పిందే. రెండోది, వీడియోలో మాట్లాడించే ప్రోగ్రాములకు విడిగా తమ స్పీకరు పట్టిక ఒకటి వుంటుంది. ఎప్పుడో ఒకసారి ఇంటిల్లిపాదీ కూర్చుని డల్లాసు అమ్మాయితో మాట్లాడడానికి అందులో టి.వి. ఎంచుకునివుంటారు. ఆ ప్రోగ్రాము దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. అల్లాంటప్పుడు మనం బయట డిఫాల్ట్ ఎన్నిసార్లు మార్చినా దానికి పట్టదు. 2018లో వచ్చిన విండోసు 10 కొత్త విడతనుంచీ ఒక్కొక్క ప్రోగ్రాముకు విడివిడిగా స్పీకరు నియమించే సదుపాయం కూడా వచ్చింది. సదుపాయం మంచిదే, కాని మరిచిపోయిన సదుపాయమంత ఇబ్బంది మరొకటి లేదు. కాబట్టి స్క్రిప్టు రాయబోయే ముందు ఆ వీడియో ప్రోగ్రాము సెట్టింగుల్లోకి పోయి, స్పీకరు అన్నచోట ఏ వస్తువు పేరూ పెట్టకుండా "సిస్టం ఎల్లా వుంటే అల్లా" అనే అర్థం వచ్చేదాన్ని ఎంచుకోండి. జూములో దాన్ని "సేమ్ యాజ్ సిస్టం" అంటారు. అప్పుడే అది మన మాట వింటుంది.

ఇక స్క్రిప్టు. నాటకాల్లో స్క్రిప్టు అంటే ఎవరు ఎప్పుడు ఏమనాలో రాసిన కాగితం. ఇదీ అంతే. మనం మౌసుతో ఆరుచోట్ల నొక్కి చేసే పనిని నాలుగు పంక్తులుగా రాసిపెడితే కంప్యూటరు వరసగా చదువుకుని చేసేస్తుంది. విండోసులో శబ్దపు యంత్రాల పట్టిక చదవడానికీ, ఇప్పుడు డిఫాల్ట్ ఎవరో తెలుసుకోడానికీ ప్రోగ్రాములకు బాహాటంగా దారి వుంది. మార్చడానికి మాత్రం లేదు. ఏ స్పీకరు వాడాలో నిర్ణయించుకోవలసింది మనిషి గాని ప్రోగ్రాము కాదని ఆ సంస్థవారి వాదం. నిజమేనేమో. ప్రతి ప్రోగ్రామూ శబ్దాన్ని తనకు నచ్చినచోటికి లాక్కుపోతే ఇల్లు సంతవుతుంది. అయితే మెనూలు వెతకలేని డెబ్భయి ఎనిమిదేళ్ల మనిషి తన నిర్ణయాన్ని ఎల్లా చెప్పుకోవాలి? ఆ ప్రశ్నకు వారి దగ్గర సరయిన జవాబు లేదు. ఆ జవాబును బయటివాళ్లు ఇచ్చారు. లోపల ప్రచురించకుండా వుంచిన దారిని కనిపెట్టి, దానిమీద చిన్న చిన్న పనిముట్లు తయారుచేశారు.

వాటిలో పాతకాపు నిర్‌సాఫ్ట్ వారి నిర్‌సిఎమ్‌డి. ఉచితంగా దొరుకుతుంది, చిన్నది. ముందుగా శబ్దాల పట్టికలో మీ వస్తువులకు పేర్లు మార్చండి. ఇది తప్పనిసరి, ఎందుకంటే ఆ పట్టికలో రెండో మూడో వస్తువులు "స్పీకర్స్" అనే ఒకే పేరుతో వుంటాయి. ఇద్దరు సుబ్బారావులున్న ఇంట్లో సుబ్బారావూ అని పిలిస్తే ఎవరు పలుకుతారు? హెడ్‌ఫోనుకు "తాత" అనీ, టి.వి.కి "హాలు" అనీ పేరు పెట్టండి. ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. తెలుగు అక్షరాలు పెడితే పాతరకం స్క్రిప్టు ఫైళ్లు తికమకపడవచ్చు. తరువాత నోట్‌పాడ్ తెరిచి మూడు పంక్తులు రాయాలి. ఒక్కొక్క పంక్తిలో నాలుగు ముక్కలు. మొదటిది పనిముట్టు పేరు, నిర్‌సిఎమ్‌డి. రెండోది చేయవలసిన పని, సెట్‌డిఫాల్ట్‌సౌండ్‌డివైస్, ఖాళీలు లేకుండా ఒకే మాటగా. మూడోది కొటేషను గుర్తుల మధ్య వస్తువు పేరు, తాత. నాలుగోది ఒక అంకె. మొదటి పంక్తిలో 0, రెండోదాంట్లో 1, మూడోదాంట్లో 2. పైన చెప్పిన మూడు డిఫాల్టులూ ఈ మూడు అంకెలే. చాలామంది ఒకటో అంకె పంక్తి ఒక్కటే రాసి, పాట మారింది గదా అని సంతోషిస్తారు. రెండో అంకె పంక్తి లేకపోతే టెలిఫోను బొమ్మ కదలదు, డాక్టరుగారు మళ్లీ హాల్లోనే! ఆ పంక్తి మరవకండి.

ఈ ఫైలును చివర బ్యాట్ అనే తోక తగిలించి, నిర్‌సిఎమ్‌డి వున్న అరలోనే దాచండి. అల్లాగే "హాలు" పేరుతో ఇంకొకటి రాయండి. రెంటికీ డెస్క్‌టాపు మీద షార్ట్‌కట్లు పెట్టి, ఒక దానికి చెవి బొమ్మ, ఇంకొక దానికి టి.వి. బొమ్మ తగిలించండి. నొక్కినప్పుడు ఒక నల్లని కిటికీ తటాలున కనిపించి పోతుంది, పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. షార్ట్‌కట్ ప్రాపర్టీలలో రన్ అన్నచోట మినిమైజ్డ్ అని పెడితే అది కనిపించదు. అక్కడే కీబోర్డు మీద ఏ మూడు మీటలు కలిపి నొక్కితే పని జరగాలో కూడా చెప్పుకోవచ్చు.

పిల్లవాడికి చేయి తిరిగివుంటే పవర్‌షెల్ అనే దాంట్లో ఆడియో డివైస్ సిఎమ్‌డిలెట్స్ అనే ఉచిత అనుబంధం వుంది. దాంట్లో ఒక పంక్తితో టిక్కూ టెలిఫోను బొమ్మా రెండూ కదులుతాయి. అయితే వస్తువును పట్టికలోని వరస అంకెతో పిలవకూడదు. ఒక కొత్త వస్తువు తగిలిస్తే వరస మారుతుంది, మూడోవాడు నాలుగోవాడవుతాడు. పొడుగాటి గుర్తింపు సంఖ్య ఒకటి వుంటుంది; దానితో పిలవమనండి. పవర్‌షెల్ మామూలుగా స్క్రిప్టులను నడవనివ్వదు, ముందు అనుమతి మార్చాలి. పద్ధతి ఇంటర్నెట్టులో దొరుకుతుంది గాని, పూర్తిగా తలుపులు తెరిచేసే అనుమతి మాత్రం ఇవ్వవద్దనండి.

పిల్లలు సాధారణంగా చేసే తెలివైన పని ఒకటుంది. రెండు బొమ్మలెందుకు, ఒకే బొమ్మ చాలు; ఒకసారి నొక్కితే చెవికి, మళ్లీ నొక్కితే టి.వి.కి అంటారు. రాసేవాడికి అది ముచ్చటగా వుంటుంది. నా మట్టుకు నాకు అది పెద్దవాళ్లున్న ఇంటికి పనికిరాదనిపిస్తుంది. ఇప్పుడు శబ్దం ఎక్కడుందో తెలిసినవాడికే గదా, ఒక నొక్కుతో ఎక్కడికి పోతుందో తెలిసేది! చెవి సరిగా వినపడని మనిషి అనుమానంతో రెండుసార్లు నొక్కితే మొదటికొస్తుంది. రెండు బొమ్మలుంటే ఆ బాధ లేదు. చెవి బొమ్మను పదిసార్లు నొక్కినా శబ్దం చెవిలోనే వుంటుంది.

ఇక్కడ ఒక గోతి వుంది, చూసుకోవాలి. హెడ్‌ఫోను గుచ్చకుండా చెవి బొమ్మ నొక్కితే, "తాత" పట్టికలోనే లేడు గనక ఏమీ జరగదు. శబ్దం టి.వి.లోనే వుండిపోతుంది. పని అయిందని పెద్దాయన అనుకుంటారు. అదీగాక కొన్ని హెడ్‌ఫోనులను నిన్న గుచ్చిన రంధ్రంలో కాక పక్క రంధ్రంలో గుచ్చితే కంప్యూటరు వాటిని కొత్త వస్తువులనుకుని ఇంకో పేరు పెడుతుంది. మీరు పెట్టిన "తాత" అనే పేరు పాతదానితోనే పోతుంది. కాబట్టి ఎప్పుడూ ఒకే రంధ్రం వాడాలి. దాని పక్కన గోళ్లరంగు చుక్క ఒకటి పెట్టండి.

అయినా చుక్క చూడని రోజు వుంటుంది. అందుకని స్క్రిప్టులో నాలుగో పంక్తి కావాలి. శబ్దం మార్చగానే, ఎవరు విన్నా ఫరవాలేని ఒక మాటను వినిపించే పంక్తి అది. నిర్‌సిఎమ్‌డిలో మీడియాప్లే అనే ఆజ్ఞ వుంది. ఎన్ని మిల్లీసెకనులు, ఏ ఫైలు అని చెబితే వినిపిస్తుంది. అయిదు సెకనులకు 5000. ఆ ఫైలు టింగుమనే గంట కానక్కర్లేదు. సన్నని గంట చప్పుడు వయస్సు మళ్లిన చెవులకు మరీ కష్టం. వయస్సుతోపాటు ముందుగా తగ్గేది హెచ్చు స్థాయి శబ్దాలు వినే శక్తే. మనిషి గొంతు వుంటే మంచిది, ఎరిగిన గొంతయితే మరీ మంచిది. డల్లాసు అమ్మాయి చేత "నాన్నా, వినపడుతోందా?" అనిపించి పెట్టండి. ఆ మాట తాతగారి చెవిలో పడితే దారి సరిగా వుందన్నమాట. హాల్లో పడితే పడనివ్వండి; అందులో దాచవలసినది ఏముంది? డాక్టరుగారిని పిలవకముందే తప్పు బయటపడుతుంది. అయితే ఈ నాలుగో పంక్తి పరీక్షించేది పాటల దారినే. మాటల దారికి కూడా పరీక్ష కావాలంటే వీడియో ప్రోగ్రాములో టెస్ట్ స్పీకర్ అనే బొత్తాం వుంటుంది. మొదటి వారం రోజులూ అది కూడా నొక్కి చూసుకోమనండి.

వీడియోలో వైద్యసలహా యివ్వడానికి మన దేశంలో 2020 మార్చి 25న మార్గదర్శకాలు వెలువడ్డాయి. రోగి సంగతులు గుట్టుగా వుంచవలసిన బాధ్యత వాటి ప్రకారం డాక్టరుమీద వుంది. ఆయన తన గది తలుపు వేసుకోగలడు గాని మన హాల్లో టి.వి. ఎల్లా కట్టేస్తాడు?

హెచ్చుతగ్గుల సంగతి కూడా చూడాలి. విండోసు ఒక్కొక్క వస్తువుకూ శబ్దం స్థాయిని విడిగా జ్ఞాపకం వుంచుకుంటుంది. తాతగారు తన అవసరం కొద్దీ హెడ్‌ఫోనును బాగా హెచ్చించుకుంటారు. సాయంత్రం మనవడు అదే పెట్టుకుని పాఠం మొదలుపెడితే, ఆ శబ్దం లేతచెవికి దెబ్బ. పిల్లలకు వారానికి నలభై గంటలకు 75 డెసిబెల్లు మించకుండా వుండాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతోంది, పెద్దలకు 80. అంచేత పిల్లవాడి పేరున మూడో బొమ్మ పెట్టి, దాని స్క్రిప్టులో శబ్దం తగ్గించే పంక్తి చేర్చండి. నిర్‌సిఎమ్‌డిలో సెట్‌సిస్‌వాల్యూమ్ అని వుంది, 0 నుంచి 65535 దాకా. ఇరవై వేలతో మొదలుపెట్టి చూసుకోండి. తాతగారి స్క్రిప్టులో ఆయనకు తగిన అంకె వేస్తే ఆయన స్థాయి ఆయనకు తిరిగివస్తుంది. ఒకే హెడ్‌ఫోనును ఇద్దరు పంచుకునే ఇంట్లో ఈ పంక్తి దారి మార్చే పంక్తుల కంటె తక్కువదేమీ కాదు.

తీగలేని బ్లూటూతు రకం కొనాలా అని కూడా ఆ సోదరి అడిగారు. నేనయితే పెద్దాయనకు తీగ వున్నదే వుంచుతాను. బ్లూటూతు హెడ్‌సెట్టుకు రెండు వేషాలు. పాటలకు మంచి గొంతు ఒకటి. మైకు కూడా వాడవలసినప్పుడు టెలిఫోనువంటి నాసి గొంతు మరొకటి. విండోసు 10లో ఈ రెండూ రెండు పేర్లతో కనిపించేవి. స్క్రిప్టులో తప్పు పేరు రాస్తే సంగీతం బావిలోంచి వచ్చినట్టుండేది. విండోసు 11లో రెంటినీ కలిపి ఒకటిగా చూపుతున్నారు. అయినా చార్జింగు అనే బెడద వుండనే వుంది.

మాక్ వాడేవాళ్లకు స్విచ్ ఆడియో సోర్స్ అనే పనిముట్టు వుంది. పేరు చెబితే మారుస్తుంది. లినక్సువాళ్ల సంగతి ఇంకా సుఖం. ఈ పనికి బాహాటమైన ఆజ్ఞ, పాక్టిల్ సెట్ డిఫాల్ట్ సింక్ అనేది, ఆ వ్యవస్థతోనే వస్తుంది. వాళ్లు శబ్దాన్ని నీటిలా భావిస్తారు కాబోలు. పుట్టేచోటును ఊట అనీ, పోయేచోటును తూము అనీ అర్థం వచ్చే మాటలు పెట్టుకున్నారు.

ఇక ప్రమాదమా అన్న ప్రశ్న. మూడు నాలుగు పంక్తుల స్క్రిప్టు చదివితే తెలిసిపోతుంది. అందులో భయం లేదు. జాగ్రత్త పడవలసింది పనిముట్టు దించుకునేటప్పుడు. తయారుచేసినవారి సొంత చోటునుంచే దించుకోవాలి, మధ్యవర్తుల దుకాణాలనుంచి కాదు. నిర్‌సిఎమ్‌డిని చూసి కొన్ని వైరస్ కాపలా ప్రోగ్రాములు మొరుగుతాయి. దుర్మార్గులు కూడా దాన్ని వాడుకున్నారు గనక దానికా పేరు వచ్చింది. సరయిన చోటునుంచి తెచ్చుకున్నది హానికరం కాదు. ఇంకొకటి, ఈ పనిముట్లన్నీ ప్రచురించని దారిన పోయేవి. విండోసును కొత్తగా సవరించినప్పుడు ఏదో ఒకనాడు ఆ దారి మూతపడవచ్చు. ప్రతి సవరణ తరువాతా ఒకసారి అన్ని బొమ్మలూ నొక్కి చూడమని మనవడికి అప్పగించండి. ఆ రోజున చేతిలో ఉపాయం కావాలంటే, విండోసు 11లో కంట్రోల్, విండోసు, వి అనే మూడు మీటలు కలిపి నొక్కితే స్పీకర్ల పట్టిక నేరుగా తెరుచుకుంటుంది.

మైకు గూర్చి ఒక మాట. వినే దారి మార్చినంతమాత్రాన చెప్పే దారి మారదు. మైకుకు కూడా మూడు డిఫాల్టులు విడిగా వున్నాయి. హెడ్‌ఫోనుకు మైకు వుంటే దానికీ వేరే పేరు పెట్టి, అవే మూడు పంక్తులు ఆ పేరుతో ఇంకోసారి రాయండి. లేకపోతే తాతగారు డాక్టరుగారి మాట చక్కగా వింటారు గాని, తాతగారి మాట బల్లకు ఆ చివరనున్న మైకు వినాలి.

ఇవన్నీ మనవడు ఒక సాయంత్రంలో చేసేస్తాడు. మామగారిని మాత్రం డాక్టరు పేరు చెప్పి కంప్యూటరు ముందుకు పిలవకండి. మీట గురించి పాఠమూ చెప్పకండి. ఎవరూ ఇంట్లో లేని పూట హెడ్‌ఫోను ఆయన చేతికిచ్చి, ఆ చెవి బొమ్మ ఒక్కసారి నొక్కండి మామగారూ అనండి, అంతే. ముందుగా మీ ఆడపడుచుగారికి కబురు చేసి, ఆ రెండు మాటలూ ఈ ఆదివారం లోపల పంపించమనండి. నెమ్మదిగా, మరీ అరవకుండా, మామూలుగా పిలిచినట్టే పిలవమనండి.